గ్రీకు హాస్యనాటకంలో పొరుగువారి మాట

గ్రీకు నాటకమనగానే మన ఎం.ఏ. విద్యార్థికి స్ఫురించేది విషాదాంతమే. అరిస్టాటిల్ నిర్వచనం, ఈడిపస్ రాజు కథ, భావక్షాళన వాదం - సాహిత్య విమర్శ పత్రంలో పాఠం ఇంతవరకే ఉంటుంది. హాస్యనాటకం సంగతి ఒక పేరాతో ముగుస్తుంది. ఇందుకు కారణం లేకపోలేదు. రాజుకు వచ్చిన కష్టం ఏ భాషలో చెప్పినా కొంతవరకు కష్టంగానే వినబడుతుంది. సంతలో వెల్లుల్లి అమ్మేవాడు వేసిన ఛలోక్తి మాత్రం ఆ ఊరి మాటలో తప్ప నవ్వించదు. అందుచేత ప్రాచీన గ్రీకు హాస్యనాటకాన్ని విశ్వవిద్యాలయ స్థాయిలో చదవడమంటే, ముందుగా ఆ జనం నోటి మాటను చదవడమే.

ఆ విస్తారమైన విషయంలోంచి ఈ వ్యాసంలో ఒక్క అంశాన్నే తీసుకుంటున్నాను. ఏథెన్సు నగరపు నాటకంలో ఏథెన్సువారు కానివారు ప్రవేశించినప్పుడు కవి వారి నోట ఏ మాట పెట్టాడు? అది నిజంగా వారి మాటేనని మనకెలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నను ఎన్నుకోవడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. నేను పుట్టి పెరిగింది హోసూరు ప్రాంతంలో. ఇంట్లో తెలుగు; వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూను. పై చదువుకని కోస్తా పట్టణంలో ఒక కళాశాలలో చేరాను. మొదటి వారంలోనే అధ్యాపకుడు ఏం చేస్తున్నావని అడిగితే, లేచి నిలబడి "చదువుకుంటా ఉండా సార్" అన్నాను. తరగతి తరగతంతా నవ్వింది. నవ్వినవారికి నా మీద ద్వేషమేమీ లేదు. అయినా ఆ ఏడాది నేను తరగతిలో మళ్ళీ నోరు విప్పలేదు. చాలా ఏళ్ళ తరువాత అరిస్టోఫనీస్ నాటకం చదువుతూండగా, పొరుగు రాజ్యపు రైతు ఒకడు వేదిక మీదికి వచ్చి తన యాసలో మాట మొదలుపెట్టాడు. ఏథెన్సువారు ఇక్కడ దేనికి నవ్వి ఉంటారు అన్న సందేహం అప్పుడు కలిగింది. రాష్ట్రాల సరిహద్దులకు ఇవతల తెలుగు మాట్లాడే మీకూ ఆ సందేహం కొత్తది కాకపోవచ్చు.

మనకు మిగిలినది

ఏథెన్సులో డయొనీసస్ దేవుని ఉత్సవంలో హాస్యనాటకాల పోటీని నగరం అధికారికంగా ఆరంభించింది క్రీ.పూ. 486లో. ఆ శతాబ్దంలో పోటీకి దిగిన కవులు చాలామంది ఉన్నా, పూర్తి నాటకాలు దక్కినది అరిస్టోఫనీస్ ఒక్కడివే. ఆయన రాసిన సుమారు నలభైలో పదకొండు మిగిలాయి. తరువాతి తరం హాస్యానికి పెద్ద దిక్కయిన మెనాండర్ వందకు పైగా నాటకాలు రాశాడు. మధ్యయుగాలు ముగిసేసరికి వాటిలో ఒక్కటీ పూర్తిగా చేతికి రాలేదు. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరస్ ప్రతుల పుణ్యమా అని 20వ శతాబ్దంలో ఆయన తిరిగి బతికాడు. ఆయన ‘డిస్కొలోస్’ నాటకం దాదాపు పూర్తిగా 1958లో అచ్చయింది.

అరిస్టోఫనీస్ పదకొండు నాటకాలనూ కలిపి ఉంచిన వ్రాతప్రతి ఒక్కటే. క్రీ.శ. 10వ శతాబ్దంలో రాసిన ఆ ప్రతి ఇటలీలోని రవెన్నా గ్రంథాలయంలో ఉంది. 1498లో వెనిసులో ఆల్డస్ ముద్రణాలయం తొలిసారి అచ్చువేసినప్పుడు తొమ్మిది నాటకాలే వచ్చాయి. మిగిలిన రెండు, ‘లైసిస్ట్రాటా’, ‘థెస్మొఫోరియాజుసై’, 1516లో గాని అచ్చుకు నోచుకోలేదు. ఆ రెండింటిలోనూ పరాయివారి మాట దండిగా ఉండడం గమనించదగ్గది. మొదటిదాంట్లో స్పార్టావారు తమ మాండలికంలో మాట్లాడతారు. రెండవదాంట్లో ఏథెన్సులో భటుడుగా పనిచేసే సిథియావాడు విరిగిన గ్రీకు మాట్లాడతాడు.

కవి కాలానికీ రవెన్నా ప్రతికీ నడుమ దాదాపు పద్నాలుగు వందల సంవత్సరాలు గడిచాయి. మన తాళపత్రాల లేఖకులు తెలియని మాట వచ్చినచోట తెలిసిన మాట వేసినట్లే, బైజాంటియం లేఖకులూ చేశారు. వారు బడిలో నేర్చినది ఏథెన్సు గ్రీకు. పొరుగువాడి రూపం కనబడితే చేతికి అలవాటైన ఏథెన్సు రూపం రాయడం సహజం. కాబట్టి ఈ నాటకాల్లో పరాయి మాట మనకు పలచబడి చేరింది. దానిని తిరిగి నిలబెట్టడం పరిష్కర్త పని, ఆ పనిని పరీక్షించడం విద్యార్థి పని.

మెగారా రైతు, అతని పిల్లలు

క్రీ.పూ. 425 శీతకాలంలో ప్రదర్శించిన ‘అకార్నియన్లు’ నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. స్పార్టా పక్షంతో ఏథెన్సుకు యుద్ధం మొదలై అప్పటికి ఆరో ఏడు. పొరుగున ఉన్న మెగారా రాజ్యం మీద ఏథెన్సు కక్ష కట్టింది. యుద్ధానికి ముందే ఆ రాజ్యపు వర్తకులను తన సంతల్లోకి, రేవుల్లోకి రానివ్వకుండా శాసనం చేసింది. యుద్ధం వచ్చాక ఏటా దండెత్తి పంటలు పాడుచేసింది. నాటకంలో డికయోపొలిస్ అనే రైతు ఈ యుద్ధంతో విసిగి, తన ఒక్కడి కోసం శత్రువుతో సంధి చేసుకుని, సొంత సంత తెరుస్తాడు.

ఆ సంతకు మొదట వచ్చేవాడు మెగారా రైతు. వెంట ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అమ్ముడుపోతారా, ఆకలితో చస్తారా అని తండ్రి అడుగుతాడు. అమ్మెయ్యి అని ఇద్దరూ ఒక్క గొంతుతో అంటారు. వారికి పంది గిట్టలు, ముట్టెలు తగిలించి గోతంలో పెట్టి పందిపిల్లలని బేరానికి తెస్తాడు. గ్రీకులో పందిపిల్లను చెప్పే మాటకు ఒక బూతు అర్థం కూడా ఉంది. ఆ బేరమంతా ఆ రెండర్థాల మీదనే నడుస్తుంది. ప్రేక్షకులు విరగబడి నవ్వి ఉంటారనడంలో సందేహం లేదు.

అయితే బేరం ఎంతకు తెగిందో చూడాలి. ఒక పిల్లకు వెల్లుల్లి కట్ట, రెండవ పిల్లకు ఒక కొలత ఉప్పు. మెగారా అంటేనే ఉప్పుకూ వెల్లుల్లికీ పేరు. అంతకుముందే డికయోపొలిస్ ఉప్పు తెచ్చావా, వెల్లుల్లి తెచ్చావా అని అడిగితే, ఉప్పు మీ చేతిలోనే ఉంది, వెల్లుల్లి మీరు ఎలుకల్లా తవ్వుకుపోయారు అన్న అర్థంలో రైతు జవాబు చెబుతాడు. తన నేలలో పండిన సరుకును తిరిగి సంపాదించుకోవడానికి కన్నబిడ్డలను అమ్ముకున్న మనిషి అతడు. పెళ్ళాన్నీ తల్లినీ కూడా ఇలాగే అమ్ముకోగలిగితే బాగుండునని సంబరపడుతూ వెళతాడు.

ఇప్పుడు మాట సంగతి. ఈ రైతు ఆద్యంతం మెగారా మాండలికంలోనే మాట్లాడతాడు. ఏథెన్సువారు తల్లిని ‘మేతేర్’ అంటే, మెగారా వంటి డోరిక్ ప్రాంతాలవారు ‘మాతేర్’ అంటారు. దీర్ఘమైన ఆకారం ఉండవలసిన చోట ఏథెన్సులో ఏకారం వినబడుతుంది. సంస్కృతంలో ‘మాతృ’ తెలిసిన మనకు మెగారావాడి మాటే దగ్గరగా తోచడం ఒక వింత. రైతు నోట ఈ ఆకారాలు వరుసగా పడతాయి. అయినా డికయోపొలిస్ ఒక్కచోట కూడా అతని ఉచ్చారణను వెక్కిరించడు, తిరగ్గా అని చూపడు, అర్థం కాలేదనడు. వీరిద్దరి నడుమ దుబాసీ లేడు. తరువాత సంతకు వచ్చే థీబ్సువాడు బియోషియా మాండలికం మాట్లాడతాడు. అతనితోనూ బేరం ఇలాగే సాగుతుంది. నవ్వంతా బేరంలో ఉంది, వేషంలో ఉంది, బూతులో ఉంది. యాస వాడి ఊరును చెబుతుంది, అంతే.

సంస్కృత నాటకంతో పోలిస్తే ఈ భేదం తేటపడుతుంది. మన నాటకాల్లో రాజు సంస్కృతం, రాణి, చెలికత్తె, విదూషకుడు ప్రాకృతాలు మాట్లాడతారు. అక్కడ భాష అంతస్తును చెబుతుంది. ఏథెన్సు హాస్యంలో బానిస కూడా యజమాని మాట్లాడే గ్రీకే మాట్లాడతాడు. మాట మారేది ఊరు మారితేనే. వర్గానికొక భాష అనే మన అలవాటుతో గ్రీకు హాస్యాన్ని చదివితే పొరపడతాం.

అయితే నవ్వులో వేటు లేనే లేదనడం కూడా తొందరపాటే. సిథియా భటుడి విరిగిన గ్రీకు విషయంలో నవ్వు సూటిగా అతని నోటి మీదనే పడుతుంది. మెగారావాడికి గ్రీకు పుట్టుమాట. భటుడికి అది నేర్చుకున్న మాట. ఏథెన్సు ప్రేక్షకుడు ఈ రెండింటినీ వేరువేరుగా విన్నాడు. ఇక మెనాండర్ ‘అస్పిస్’ నాటకంలో మారువేషం వేసుకున్న దొంగ వైద్యుడు డోరిక్ యాస పెడతాడు. మంచి వైద్యులు బయటి నుంచి వస్తారన్న నమ్మకం ఏథెన్సులో ఉండేది కాబట్టి, అక్కడ పరాయి యాస గౌరవాన్ని తెచ్చింది. అంటే యాసకు స్వతహాగా పరువూ లేదు, పరిహాసమూ లేదు. ఎవరి నోట, ఎవరి ఎదుట, ఏ పనికి అన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

ఇంగ్లీషు అనువాదకులు కొందరు స్పార్టావారికి స్కాట్లండు యాస పెట్టారు. అది పాఠకుడికి చప్పున అందుతుంది. కాని స్కాట్లండుకూ లండనుకూ ఉన్న సంబంధాన్ని కూడా వెంట తెస్తుంది. ఏథెన్సుకు స్పార్టా లోబడిన ప్రాంతం కాదు, సరిజోడు శత్రువు. రేపు మీలో ఎవరైనా ఈ నాటకాన్ని తెలుగు చేసి మెగారా రైతుకు శ్రీకాకుళం మాటో, తెలంగాణ మాటో పెడితే, మన సినిమాలు ఆ యాసలకు అంటగట్టిన నవ్వు కూడా అడగకుండానే వచ్చి కూర్చుంటుంది.

రాయి ఒప్పుకుంటుందా?

కవి రాసినది నిజమైన మాండలికమేనా అని పరీక్షించడానికి ఉన్న సాధనం శాసనాలు. మెగారాలో, స్పార్టాలో, బియోషియాలో స్థానికులు తమ లిపిలో తమ మాటలో చెక్కుకున్న రాళ్ళతో నాటకంలోని రూపాలను పోల్చాలి. ఈ పోలికలో అరిస్టోఫనీస్ చాలావరకు నెగ్గుతాడు. అచ్చంగా కాదు, ఏథెన్సువారికి అర్థమయ్యే మేరకు.

చిక్కు వచ్చేచోటు ఒకటి చెబుతాను. దేవుణ్ణి ఏథెన్సువారు ‘థెఓస్’ అంటారు. ‘లైసిస్ట్రాటా’లో స్పార్టావారు ‘సిఓస్’ అంటారు, థకారం సకారమైంది. కాని క్రీ.పూ. 5వ శతాబ్దపు స్పార్టా శాసనాల్లో థకారమే చెక్కారు. సకారం తరువాతి కాలపు రాళ్ళ మీద కనబడుతుంది. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి, స్పార్టావారు అప్పటికే సకారం పలుకుతూ, పాత అలవాటు చొప్పున థకారం రాస్తున్నారు. ఏథెన్సు కవి చెవికి వినబడినది వినబడినట్లు రాశాడు. రెండు, కవి థకారమే రాయగా తరువాతి పండితులు తమకు తెలిసిన స్పార్టా మాటకు తగినట్లు దిద్దారు. చరిత్రకారుడు తుసిడిడీస్ చేర్చిన ఒక స్పార్టా ఒప్పందపు పాఠంలోనూ సకారరూపం ఉంది. అది మొదటి సమాధానానికి కొంత బలం ఇస్తుంది. కాని ఆ పాఠమూ లేఖకుల చేతుల మీదుగా వచ్చినదే. ఇటువంటి చోట రెండు సమాధానాలనూ పక్కపక్కన ఉంచుకుని ఓపిక పట్టడం నేర్చుకోవాలి.

గ్రీకే కాని భాషల విషయంలో ఈ ఓపిక ఇంకా అవసరం. ‘అకార్నియన్లు’ మొదట్లోనే పారశీక రాజు దూత ఒకడు వచ్చి ఒక్క ముక్క పారశీకంలా ధ్వనించేది అంటాడు. అది నిజమైన పాత పారశీకమేనని కొందరు, ఉత్త కల్పన అని కొందరు. ఇప్పటికీ తెగలేదు. రోమను కవి ప్లాటస్, గ్రీకు నాటకం ఆధారంగా లాటినులో రాసిన ‘పోయెనులస్’ సంగతి వేరు. అందులో కార్తేజి నుంచి వచ్చిన హన్నో అనే తండ్రి, పోగొట్టుకున్న కూతుళ్ళను వెతుక్కుంటూ తన ప్యూనిక్ భాషలో దేవతలను ప్రార్థిస్తాడు. పక్కనున్న బానిస ఆ భాష వచ్చినట్లు నటించి తప్పుడు అర్థాలు చెబుతాడు. లాటిను లిపిలో రాసి ఉన్న ఆ మాటలను ఫినీషియన్ శాసనాల సాయంతో విద్వాంసులు చాలావరకు చదివారు. అది నిజమైన భాషే. వ్యాకరణం నిలుస్తుంది, మాటలు వేరే ఆధారాల్లో దొరుకుతాయి, సందర్భానికి అర్థం అతుకుతుంది. ఈ మూడూ కలిసినప్పుడే చదివామని చెప్పుకోవాలి.

మన తీరపు ప్రహసనం

ఇక్కడ దక్షిణ భారతానికి నేరుగా సంబంధించిన ఒక కథ ఉంది. 1896-97 చలికాలం నుంచి గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డు విద్వాంసులు ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బలు తవ్వి వేల పపైరస్ ముక్కలు బయటికి తీశారు. 1903లో ప్రకటించిన సంపుటంలో 413వ సంఖ్య గల ముక్క క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. అందులో ఉన్నది పెద్ద పోటీల హాస్యనాటకం కాదు. దాని చిన్న చెల్లెలు వంటి వీధి ప్రహసనం. ఖరిటియన్ అనే గ్రీకు యువతి భారతదేశపు తీరంలో ఒక రాజు చేతిలో చిక్కి దేవాలయంలో ఉంటుంది. ఆమె అన్న ఓడలో వస్తాడు. నీళ్ళు కలపని సారా పోసి రాజునూ పరివారాన్నీ మత్తులో ముంచి తప్పించుకుపోతారు. ఎక్కడ డప్పు మోగాలో కూడా ప్రతిలో గుర్తులు ఉన్నాయి. రాజూ పరివారమూ గ్రీకు కాని మాటలు గ్రీకు లిపిలో మాట్లాడతారు.

ఆ మాటలు ఏ భాష? మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా పనిచేసి దక్షిణాది శాసనాలెన్నో ప్రకటించిన హుల్ట్‌ష్ 1904లో అవి కన్నడమని ప్రతిపాదించాడు. మైసూరులో శామశాస్త్రి, మంజేశ్వరంలో గోవింద పై ఆ వాదాన్ని సమర్థించారు. 1926లో బార్నెట్ దానిని కాదన్నాడు. తరువాత తుళు అన్నవారూ ఉన్నారు. హుల్ట్‌ష్ పఠనంలో ‘కొంచ’, ‘మధు’, ‘పాత్ర’ వంటి మాటలు ఉన్నాయి. సారా పోసే సందర్భానికి అవి చక్కగా అతుకుతాయి. మనకూ అవి ఇంటిమాటల్లాగే వినబడతాయి.

అయితే అదే వాక్యంలో ‘పోసి, వేసి’ అన్న అర్థంలో ‘హాకి’ అనే క్రియ కూడా ఉంది. తెలుగులో పాలు, పులి, పండు అన్నవి నేటి కన్నడంలో హాలు, హులి, హణ్ణు. కన్నడంలోనూ మొదట పకారమే ఉండేది. పాత శాసనాలు అందుకు సాక్ష్యం. హకారం వందల ఏళ్ళ తరువాత వచ్చిన మార్పు. క్రీ.శ. 5వ శతాబ్దపు హల్మిడి శాసనం కంటే కూడా ముందుదైన ప్రహసనంలో నేటి కన్నడపు రూపం చదివితే ఆ పఠనం నిలవడం కష్టం. పైగా మాటలు ఎక్కడ విడగొట్టాలో ప్రతి చెప్పదు, విడగొట్టినది చదివేవారే.

అలాగని అసాధ్యమని కొట్టివేయడానికీ లేదు. ఎర్రసముద్రపు రేవులైన బెరెనికెలో, కుసైర్ అల్ ఖదీంలో తమిళ బ్రాహ్మీ లిపి గల పెంకులు దొరికాయి. దక్షిణాది నావికుల మాట ఈజిప్టు రేవుల్లో వినబడిందనడానికి అంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. ప్రహసనం రాసినవాడు రేవులో విన్న నాలుగు మాటలు విన్నట్టు పెట్టి ఉండవచ్చు, నవ్వు కోసం ఊరికే కల్పించి ఉండనూవచ్చు. ప్యూనిక్ విషయంలో నెగ్గిన మూడు పరీక్షల్లో ఇక్కడ ఒక్కటే, సందర్భం, నెగ్గింది. వ్యాకరణమూ, వేరే ఆధారమూ ఇంకా నెగ్గలేదు.

కర్ణాటకలో చదివే మన విద్యార్థులు ఈ ప్రహసనాన్ని తప్పక చదవాలని నేను కోరేది ఇందుకే. అమరావతి రాతిపలక మీది ‘నాగబు’ అనే ఒక్క మాటను పట్టుకుని మనం ఎంత మురిసిపోతామో తెలుసు. ఆ మురిపెం తప్పు కాదు. మన మాటను చూసి నవ్వినవారికి ఇంత పాతదని చూపాలనే ఆరాటం దాని వెనుక ఉంటుంది. నాలోనూ ఉండేది. కాని మెగారా రైతు మాటకు విలువ దాని ప్రాచీనత వల్ల రాలేదు. ఆకలిగొన్న మనిషి తన బిడ్డలతో మాట్లాడిన మాటగా కవి దానిని విని, నవ్వించే చోట కూడా చెడగొట్టకుండా ఉంచాడు.

చదవదలచినవారికి

గ్రీకు లిపి పదిహేను రోజుల పని. వ్యాకరణానికి రెండేళ్ళు పడుతుంది. మూలమూ అనువాదమూ ఎదురెదురు పుటల్లో ఉండే లోబ్ గ్రంథమాలతో మొదలుపెట్టవచ్చు. అందులో అరిస్టోఫనీస్‌కు 1924 నాటి పాత అనువాదం బూతును కప్పిపుచ్చింది. 1998 నుంచి హెండర్సన్ చేసిన కొత్త అనువాదం దాచలేదు. రెండూ పక్కన పెట్టుకుని మెగారా రైతు ఘట్టం చదివితే, అనువాదకుడి సంకోచం పాఠ్యాన్ని ఎంత మారుస్తుందో తెలుస్తుంది. తరువాత ఆ ఘట్టంలోని ఆకారాలన్నీ ఏరి పట్టిక వేయండి.

అదే పట్టికను మీ ఊళ్ళోనూ వేయండి. బరంపురంలో, షోలాపూరులో, యానాంలో, బెంగుళూరులో మీ పెద్దలు మాట్లాడే తెలుగును, ఎవరు ఎవరితో ఏ పని మీద అన్నారో కూడా రాసి, అన్నది అన్నట్టు నమోదు చేయండి. వారు నవ్వుతూ అన్నవి ముందుగా రాయండి. పుస్తకపు తెలుగుకు దగ్గరగా దిద్దకండి. మా అమ్మ మాటలు రాసుకున్న తొలి నోటుపుస్తకంలో నేను ‘ఉండా’ అన్నచోటల్లా ‘ఉన్నాను’ అని దిద్దిపెట్టాను. ఇప్పుడు ఆ పుటల్లో ఆమె ఏమన్నదో నాకే తెలియదు.